సిగ్నల్ దగ్గర కారు వణుకు: మూడు సిలిండర్లంటే అంతేనా?

మియాపూర్_మూర్తి
పన్నెండేళ్ళు వాడిన పాత బండి అమ్మేసి నాలుగు నెలల కిందట కొత్తది తీసుకున్నా. పేరు చెప్పను, చెబితే చర్చంతా కంపెనీల మీదకి పోతుంది. పాతది 1.2 లీటర్ల పెట్రోలు, నాలుగు సిలిండర్లు. కొత్తదీ 1.2 పెట్రోలే, కానీ మూడు సిలిండర్లు. రోడ్డెక్కాక ఏ గొడవా లేదు, పికప్ కూడా పాతదాని కంటే బాగుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే మాత్రం సీటు, స్టీరింగు, క్లచ్ పెడలు అన్నీ జుమ్మంటూ వణుకుతాయి. లోపలి అద్దంలో వెనక బండి నంబరు అలుక్కుపోయినట్టు కనబడుతుంది, చదవలేను. మా ఆవిడేమో "మొదట్లో ఇంత లేదు" అంటుంది. నాకైతే కొన్న రోజు నుంచీ ఉన్నట్టే ఉంది. సర్వీసు సెంటర్లో రెండుసార్లు చూపించా. రెండుసార్లూ ఒకటే జవాబు: "త్రీ సిలిండర్ కదా సార్, అంతే." ఒక్క సిలిండరు తగ్గితే ఇంత తేడా వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_ఘాటు
త్రీ సిలిండర్ కదా సార్, అంతే.

విశాఖ_కరెంటుబండి
నాది ఎలక్ట్రిక్. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సిలిండరు వంటింట్లో ఉంది. అది వణకదు.

ఆటోనగర్_అబ్బాయి
మూర్తిగారూ, రెండు ప్రశ్నలు. ఏసీ ఆపితే వణుకు తగ్గుద్దా? బండి కొన్నాక బయట ఏమన్నా ఎక్స్‌ట్రా ఫిట్టింగులు చేయించారా?

మియాపూర్_మూర్తి
ఏసీ ఆపితే కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఫిట్టింగులంటే సీటు కవర్లు, కింద మ్యాట్లు, వెనక కెమెరా. అంతే.

పాతపద్మిని
మీ తరానికి సుఖం ఎక్కువై వచ్చిన బాధ ఇది. 1983 చివర్లో వచ్చిన మారుతీ 800లో ఉన్నవి ఎన్ననుకున్నారు? మూడే. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ ఇంజను మీద దేశం మొత్తం కారు నేర్చుకుంది. వణుకుతోందని ఒక్కడూ అనలేదు.

ఖమ్మం_కారు
ఎట్లంటరు సార్? అప్పుడందరూ స్కూటర్ దిగి 800 ఎక్కినోళ్ళే. స్కూటర్‌కి ఒకటే సిలిండర్, మూడంటే వాళ్ళకు పండుగ. మూర్తన్న నాలుగు దిగి మూడు ఎక్కిండు. గదే తేడా.

పాతపద్మిని
ఒప్పుకున్నా. మా నాన్నగారు లాంబ్రెట్టా అమ్మి 800 కొన్నారు. కొన్న కొత్తలో సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయిందనుకుని మళ్ళీ తాళం తిప్పేవారు, కర్రుమనేది.

రిటైర్డ్_మాస్టారు
ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో ఇదే పాఠం చెప్పాను కాబట్టి నోరు ఊరుకోవడం లేదు. "వైబ్రేషన్" అని అందరూ ఒకే మాట అంటారు గానీ ఇందులో రెండు వేరు వేరు విషయాలున్నాయి. ఒకటి పేలుడు దెబ్బ. రెండోది పైకీ కిందకీ ఆడే పిస్టన్ల బరువు. మూర్తిగారి బాధ మొదటిదానితో.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరు ఒక్కసారే మండుతుంది. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. నాలుగు సిలిండర్లుంటే 180 డిగ్రీలకొక దెబ్బ, మూడుంటే 240కి ఒకటి. ఒక్కో దెబ్బ క్రాంకును తోసేది మహా అయితే 180 డిగ్రీలు. కాబట్టి నాలుగింటిలో ఒకడు వదిలేసరికి ఇంకొకడు అందుకుంటాడు. మూడింటిలో మధ్య 60 డిగ్రీల పాటు తోసేవాడే ఉండడు, ఫ్లైవీల్ అనే బరువు చక్రం ఊపు మీద బండి లాక్కురావాలి. పైగా అదే 1200 సీసీని మూడు ముక్కలు చేస్తే ముక్క 400, నాలుగు చేస్తే 300. దెబ్బలు తక్కువ, ఒక్కోటీ బరువు ఎక్కువ. రోట్లో నలుగురు వంతులేసుకుని దంచడానికీ, అంతే వడ్లు ముగ్గురు దంచడానికీ ఉన్న తేడా.

ఇక లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 800 చుట్లతో స్లోలో ఉంటే మూడు సిలిండర్లకు సెకనుకు 20 దెబ్బలు. నాలుగుకు దాదాపు 27. ఆరుకు 40. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బర్లు వేగంగా వచ్చే దెబ్బల్ని బాగా మింగుతాయి, నిదానంగా వచ్చేవాటిని మింగలేక బాడీకి వదిలేస్తాయి. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు కూడా మోయాలి, ఒక్కో దెబ్బా ఇంకా గట్టిగా పడుతుంది. రోడ్డెక్కి 2000 చుట్లు దాటాక సెకనుకు 50 దెబ్బలవుతాయి, మీ సీటుకు తెలియదు.

మియాపూర్_మూర్తి
మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే సర్వీసువాళ్ళు చెప్పింది నిజమేనన్నమాట.

ఆటోనగర్_అబ్బాయి
అప్పుడే ఒప్పేసుకోకండి. నేను మళ్ళీ వస్తా, లిఫ్టు మీద బండుంది.

సీమ_స్టీరింగు
ఇంత లెక్కెందుకప్పా. నాలుగు సిలిండర్లు సమానంగా తూగుతాయి, మూడు తూగవు. సరి, బేసి. చిన్నపిల్లోనికి గూడా తెలుస్తాది.

రిటైర్డ్_మాస్టారు
అక్కడే అందరూ పొరబడతారు. సరి, బేసి అని తేల్చేస్తే మూడు సిలిండర్ల ఇంజనుకు అన్యాయం జరుగుతుంది. పిస్టన్ల బరువు సంగతి చూస్తే వరుసగా పేర్చిన నాలుగు సిలిండర్లకే ఒక రోగం ఉంది, అది మూడింటికి లేదు.

నాలుగింటిలో 1, 4 పైన ఉన్నప్పుడు 2, 3 కింద ఉంటాయి. రెండు పైన, రెండు కింద, చెల్లుకు చెల్లు. బాగానే ఉంది. క్రాంకు 90 డిగ్రీలు తిరిగాక? నాలుగూ సరిగ్గా సగం దూరంలో ఉంటాయనుకుంటాం. ఉండవు. పిస్టన్నూ క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా వంగడం వల్ల పిస్టను సగానికి ఇంకొంచెం కిందకే దిగి ఉంటుంది. లెక్క కోసం స్ట్రోకు (పిస్టను పైనుంచి కిందకి దిగే దూరం) 80 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 130 అనుకోండి. పైథాగరస్ వేసి చూడండి: 90 డిగ్రీల దగ్గర పిస్టను సగం గీతకు 6 మిల్లీమీటర్ల పైచిలుకు కింద ఉంటుంది. ఒక్కటి కాదు, నాలుగూ. అంటే ప్రతి చుట్టులో రెండుసార్లు నాలుగు పిస్టన్ల బరువూ కలిసికట్టుగా కిందకి దిగి పైకి వస్తుంది. దీన్నే సెకండరీ అసమతౌల్యం అంటారు. ఇంజను చుట్ల వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే వణుకు.

మూడు సిలిండర్ల క్రాంకులో రాడ్లు తగిలించే పిన్నులు 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి. మూడు పిస్టన్ల బలాలూ కూడితే సున్నా, సెకండరీతో సహా. పైకీ కిందకీ ఎగరదు. కానీ మొదటి పిస్టను ఈ చివర, మూడోది ఆ చివర ఉన్నాయి కదా, ఆ కొస లేస్తే ఈ కొస దిగుతుంది. తక్కెడ ఊగినట్టు ఇంజను నిలువునా ఊగుతుంది. దాని రోగం అది.

సీమ_స్టీరింగు
అయితే నాలుగుదానికీ వణుకుంది అంటారా? మా నాలుగు సిలిండర్ల బండి స్లోలో నిలబెట్టి బానెట్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టినా.

రిటైర్డ్_మాస్టారు
స్లోలో నిలబడుతుంది. ఈ బలం చుట్ల వేగానికి వర్గంలో పెరుగుతుంది. 800 నుంచి 4000కి వేగం అయిదు రెట్లయితే బలం పాతిక రెట్లు. 4000 దగ్గర నిలబెట్టి చూపించండి, మీ ఊరొచ్చి సన్మానం చేస్తాను.

గుంటూరు_ఘాటు
4000లో నిలబెడితే బిళ్ళ ముందు పడుద్దా, పక్కింటాయన ముందు లేస్తాడా?

స్టుట్‌గార్ట్_శీను
మాస్టారు చెప్పిన సెకండరీకి మందు పాతదే. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లండు ఇంజనీరు వందేళ్ళ కిందటే కనిపెట్టాడు: క్రాంకుకు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు బరువు షాఫ్టులు. 1970ల్లో మిత్సుబిషి దాన్ని మెరుగుపరిచి సైలెంట్ షాఫ్ట్ అని పేరు పెట్టింది. పోర్షే 944 చేసినప్పుడు 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టింది, ఒక్కోటీ 600 సీసీ పైన. అంత పెద్ద పిస్టన్లతో షాఫ్టులు లేకపోతే కుదరదు. ఆ పోర్షే కూడా మిత్సుబిషికి లైసెన్సు రుసుము కట్టి తీసుకుంది. అందుకే రెండు లీటర్లు, ఆ పైన ఉన్న నాలుగు సిలిండర్లలో ఈ షాఫ్టులు ఎక్కువగా కనబడతాయి. మన 1.2లో పిస్టన్లు చిన్నవి, అవసరం పడదు.

ఇవేవీ అక్కర్లేనిది వరుస ఆరు. మూడు సిలిండర్ల ఇంజన్లు రెండు తీసుకుని వీపుకు వీపు అతికించినట్టు ఉంటుంది క్రాంకు. ఒకటి ఇటు ఊగితే రెండోది అటు, తక్కెడ అక్కడికక్కడే ఆగిపోతుంది. బలాలు సున్నా, ఊగడం సున్నా, షాఫ్టులు అక్కర్లేదు. బీఎండబ్ల్యూ 1933లోనే దీన్ని పట్టుకుంది, మధ్యలో కొన్నేళ్ళు ఆపినా 1968 నుంచి వదల్లేదు. బెంజ్ వాళ్ళు 1990ల చివర్లో వదిలేసి వీ ఆకారంలో పేర్చిన ఆరుకు, అంటే వీ6కి పోయారు, 2017లో మళ్ళీ వరుస ఆరుకే వచ్చారు.

ఖమ్మం_కారు
మరి గంత మంచిదైతే ఎందుకిడిచిన్రు?

స్టుట్‌గార్ట్_శీను
పొడవు. ఆరు వరుసగా పేర్చితే బానెట్ కింద చోటు చాలదు. అడ్డంగా పెట్టే ముందు చక్రాల బండిలోనైతే ఇంకా కష్టం. వీ6 పొట్టిగా ఉంటుంది, వీ8 తయారుచేసే లైన్లోనే చేసుకోవచ్చు. కానీ వీ6 అంటే అటో మూడు, ఇటో మూడు. రెండు వైపులా మూడు సిలిండర్ల తక్కెడే, వీపుకు వీపు లేదు. చాలావాటికి షాఫ్టో, ఇంకేదో ఉపాయమో కావాలి. సిలిండర్ల లెక్క ఆరని చూసి మోసపోవద్దు, ఎలా పేర్చారన్నదే అసలు సంగతి.

డెన్వర్_రావు
ఇక్కడ నా సుబారు బాక్సర్ నాలుగు. పిస్టన్లు పడుకుని ఎదురెదురుగా గుద్దుకుంటాయి, రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి. మాస్టారు చెప్పిన ఆ 6 మిల్లీమీటర్ల తేడా కూడా రెండు వైపులా సమానమే కాబట్టి చెల్లిపోతుంది. ఎదురెదురు సిలిండర్లు కొద్దిగా ముందూ వెనకా ఉంటాయి, దానివల్ల చిన్న మెలి తప్ప ఏమీ మిగలదు. మంచులో స్టార్ట్ చేసినా నున్నగా ఉంటుంది. ప్లగ్గులు మార్చే రోజు మాత్రం ఏడుపొస్తుంది, అటు చక్రం సందులోకి, ఇటు చక్రం సందులోకి చెయ్యి పోవాలి.

ఆర్టీసీ_సీజన్‌పాస్
నాదొక సందేహం. ఆరు వరుసగా ఉంటే వణుకు సున్నా అంటున్నారు. మన పాత ఆర్టీసీ బస్సుల్లో చాలావాటికి ఆరు వరుస ఇంజన్లే కదా. బస్టాండులో ఆగితే కిటికీ అద్దాలు, కడ్డీలు, నా పళ్ళు అన్నీ కలిసి గలగలలాడతాయేం?

పాతపద్మిని
హహ్హ. శీనూ, దీనికి చెప్పు.

రిటైర్డ్_మాస్టారు
శీను ఎందుకు, నేను చెబుతాను. మంచి ప్రశ్న. సున్నా అన్నది పిస్టన్ల బరువు సంగతి. పేలుడు దెబ్బ సున్నా కాదు. బస్సుది డీజిలు, కంప్రెషన్ ఎక్కువ, ఒక్కో సిలిండరూ దాదాపు లీటరు, స్లోలో తిరిగేది కారుకన్నా నిదానంగా. ఆ దెబ్బ ఎవరికైనా తెలుస్తుంది. దానికి తోడు నలిగిపోయిన రబ్బర్లు, ఏళ్ళ తరబడి వదులైపోయిన కిటికీ చట్రాలు. అద్దం వదులుగా ఉంటే ఇంజను చిన్నగా దగ్గినా గలగలంటుంది. ఇంజను పుట్టించే వణుకు వేరు, మీ దాకా వచ్చే వణుకు వేరు.

ఆటోనగర్_అబ్బాయి
మాస్టారు చివర్లో అన్న మాట పట్టుకోండి మూర్తిగారూ. ఇప్పుడే అదే రాయబోతున్నా.

నానో_నాయుడు
మూడింటికే ఇంత గొడవైతే నా టాటా నానోది రెండు. 624 సీసీ, రెండు సిలిండర్లు, ఇంజను వెనక సీటు కింద. వాళ్ళు అందులో ఒక బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు కాబట్టి బతికాం. అయినా మా అత్తగారు వెనక కూర్చుంటే "అల్లుడుగారూ, పిండిమర మీద కూర్చున్నట్టుంది" అనేవారు. 2011లో కొన్నా, మొన్నటిదాకా నడిచింది, ఒక్కసారి రోడ్డు మీద నిలబెట్టలేదు.

ఖమ్మం_కారు
షాఫ్ట్ పెడితే వణుకు తగ్గుతదంటే అన్ని మూడు సిలిండర్ల బండ్లకు ఎందుకు పెట్టరు? పైసలు మిగిలిస్తరా?

స్టుట్‌గార్ట్_శీను
డబ్బూ ఉంది, రాపిడీ ఉంది. షాఫ్టు తిప్పడానికి కూడా పెట్రోలే కావాలి. అసలు నాలుగు నుంచి మూడుకు రావడమే రాపిడి తగ్గించి మైలేజీ పెంచడానికి, అందులో మళ్ళీ షాఫ్టు పెడితే వచ్చింది కొంత పోతుంది. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. బీఎండబ్ల్యూ 1.5 లీటర్ల మూడు సిలిండర్లకు షాఫ్టు పెట్టింది. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌కు పెట్టలేదు. మన దగ్గర ఎకోస్పోర్ట్‌లో వచ్చింది చూడండి, అదే. దాంట్లో ఫ్లైవీలునూ ముందు పుల్లీనీ కావాలనే కొంచెం అసమానంగా చేశారు. నిలువునా ఊగే ఊగుడును కొంత అడ్డంగా తిప్పి, అడ్డంగా వచ్చేదాన్ని మౌంటు రబ్బర్లకు అప్పగించారు. నాకు చాలా ఇష్టమైన ఉపాయం అది. రోగం పోగొట్టలేదు, నొప్పి తెలియని చోటికి జరిపారు.

గుంటూరు_ఘాటు
మా ఆఫీసులో మేనేజర్ కూడా ఇదే చేస్తాడు.

సీమ_స్టీరింగు
2024లో స్విఫ్ట్ గూడా నాలుగు ఇడిసి మూడుకొచ్చె. ఇంగ నాలుగు కావాలంటే ఏం కొనాల చెప్పండి ఎవరన్నా.

పాతపద్మిని
అది వేరే దారం తెరవండి, ఇక్కడ మొదలైతే ఆగదు.

ఆటోనగర్_అబ్బాయి
మూర్తిగారూ, ఇప్పుడు నా మాట. మాస్టారి లెక్క, శీనుగారి చరిత్ర అన్నీ కరెక్టే. కానీ మీ మొదటి పోస్టులో ఒక మాట అందరూ వదిలేశారు. మీ ఆవిడ "మొదట్లో ఇంత లేదు" అన్నారు. కొన్న రోజు సిలిండర్లు మూడే, ఈరోజూ మూడే. డిజైను వల్ల వచ్చే వణుకు మొదటి రోజు నుంచీ ఒకేలా ఉండాలి, పెరగకూడదు. పెరిగిందంటే ఏదో మారింది.

మారేవి నాలుగు. ప్లగ్గు గానీ కాయిల్ గానీ పాడై ఒక సిలిండరు మండక మిస్సింగు కొట్టడం. మూడింట్లో ఒకటి మిస్సైతే మూడో వంతు పోయినట్టు, బండి లాగదు. మీకు పికప్ బాగుందన్నారు కాబట్టి అది కాదు. ఇంజనుకు గాలి వదిలే త్రోటిల్ బాడీలో చెత్త, నాలుగు నెలల బండికి అంత ఉండదు. ఇంజన్ ఫౌండేషన్ రబ్బరు చిరగడం, కొత్త బండిలో తక్కువ గానీ చూస్తా. నాలుగోది మా షెడ్డుకి నెలకి రెండు మూడు వస్తాయి: ఇంజను గానీ, ఇంజన్ని మోసే ఫ్రేము గానీ, సైలెన్సరు గానీ ఎక్కడో బాడీకి ఇనుముకి ఇనుము తగలడం. అప్పుడు రబ్బర్లు ఎంత మంచివైనా పనికిరావు, వణుకు పక్క దారిన వచ్చేస్తది. మళ్ళీ అడుగుతున్నా, కింద ఏమన్నా బిగించారా? ఇంజన్ గార్డు?

మియాపూర్_మూర్తి
అయ్యో. అవును. సంక్రాంతికి ఊరెళ్ళేముందు ఇనప గార్డు వేయించా. మా ఊరి రోడ్డు మధ్యలో గట్టు లేచి ఉంటుంది, అడుగు తగులుతుందని. సీటు కవర్లు వేసిన షాపులోనే వేశారు, పది నిమిషాల పని, అందుకే గుర్తు రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఆటోనగర్_అబ్బాయి
ఉంటదో ఉండదో ఊడదీస్తే తెలుస్తది. నాలుగు బోల్టులు. గార్డు తీసేసి ఏసీ వేసి అదే సిగ్నల్ దగ్గర ఆగి చూడండి. ఇంజను చల్లారాక తీయించండి, ఆయిల్ చాంబర్ అక్కడే ఉంటది, చెయ్యి కాలుద్ది.

ఖమ్మం_కారు
మొత్తానికి వదినమ్మ మాటే కరెక్ట్. గా మాట మొదలే విని ఉంటే ఇన్ని పైథాగరస్‌లు పడకపోవు.

రిటైర్డ్_మాస్టారు
నా పైథాగరస్‌ను ఏమీ అనకండి. అబ్బాయీ, నువ్వు చెప్పిన పద్ధతి నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది. నేను ఇంజను ఎందుకు వణుకుతుందో చెప్పాను, ఆయన అడిగింది కారు ఎందుకు వణుకుతోందని.

మియాపూర్_మూర్తి
ఆదివారం తీయించా. కిందకి వంగి చూస్తే గార్డు వెనక అంచు ఇంజన్ని మోసే క్రాస్ మెంబరుకు ఆనుకుని అక్కడ రంగంతా గీరుకుపోయి మెరుస్తోంది. ముందు వైపు బాడీకి బిగించారు, వెనక వైపు ఫ్రేముకు తగులుతోంది. గార్డు లేకుండా మియాపూర్ క్రాస్ రోడ్స్ నుంచి కూకట్‌పల్లి దాకా వెళ్ళొచ్చా, ఎర్రలైటు దొరికిన ప్రతిచోటా ఆగా. క్లచ్ పెడల్లో జుమ్మనేది పోయింది. స్టీరింగులో సగానికి సగం తగ్గింది. సీటులో ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు మాత్రం సన్నగా తెలుస్తోంది.

ఆటోనగర్_అబ్బాయి
ఆ సన్నగా తెలిసేది మాస్టారిది. అది పోదు, అది డిజైను. గార్డు మళ్ళీ కావాలంటే వెనక అంచు ఒక వేలు మందం కిందకి దించి, బోల్టుల దగ్గర మందపాటి రబ్బరు బుష్‌లు వేయించండి. ఇంజనుకీ గార్డుకీ మధ్య గాలి ఆడే సందు ఉండాలి.

నానో_నాయుడు
మరి అద్దంలో వెనక బండి నంబరు కనబడుతోందా?

మియాపూర్_మూర్తి
అక్షరాలు చక్కగా చదువుతున్నా. నిన్న ఒక్క బండి దగ్గర మాత్రం చివరి అంకె 3 ఆ, 8 ఆ అని తేలలేదు.

గుంటూరు_ఘాటు
మూడే కదా సార్, అంతే.